మాంబాతా తమ్ముణ్ణి ఇంటికి తెచ్చుకున్న రోజు

మాంబాతాకి కప్పలంటే ఒళ్ళు మంట. మోకాలిలోతు బురదలో నిలబడి జీవితమంతా తుంగ కోసిన మనిషికి వాటిమీద ప్రేమ ఎక్కణ్ణించి వస్తుంది? కొడవలి పడ్డచోటల్లా ఒకటి ఎగిరి మెడమీద వాలేది. చూస్తే వేలిగోరంత, కూత మాత్రం కీచురాయిలా చెవిలో దూరుతుంది. “మీ సంసారాలు తగలెయ్య!” అని దులిపేసుకుని మళ్ళీ వంగేది. ఆ కప్ప మా సముద్రపు ఒడ్డున కొద్ది మడుగుల్లో తప్ప ఎక్కడా లేదనీ, అది అంతరించిపోతోందనీ తర్వాత ఎవరో చెబితే, “పోనీ, మనం అంతరించట్లేదా?” అంది.

అసలు పేరు దుమాజిలె. పెళ్ళయిన ఆడదాన్ని పుట్టింటి వంశంతో పిలవడం మర్యాద కాబట్టి, మ్బాతాల ఆడపడుచు మా ఎమ్‌హ్లంగేని రేకుల పేటలో అందరికీ మాంబాతా. డర్బన్‌కి దక్షిణంగా, రైలు పట్టాలకీ చిత్తడికీ మధ్య ఇరుక్కున్న మా పేటలో ఏ పెళ్ళికూతురు అత్తారింటికి కదిలినా నెత్తిమీద ఆమె అల్లిన చాపలే ఉండేవి. బేరమాడితే కొడవలి చూపించేది. నవ్వడం తక్కువ. రేకిళ్ళు కూల్చడానికి పోలీసులు కుక్కలతో వచ్చిన రోజున ఒక తుపాకీ మడమ ఆమె ముందుపళ్ళు ఊడగొట్టింది. ఆ నోరు నలుగురికీ చూపించడం ఆమెకి ఇష్టం ఉండేది కాదు.

పుట్టింది ఈ తీరాన కాదు, లోపలి కొండల్లో. తొంభైల మొదట్లో రెండు పార్టీల పేరు చెప్పి మావాళ్ళు ఒకరినొకరు నరుక్కున్న రోజుల్లో, ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం ఆమె ఇంటిమీద పడ్డారు. మొగుడు మ్షియేని ఇంటికప్పు మీద గడ్డి సర్దుతున్నాడు. కాళ్ళు పట్టి కిందికి లాగి, వాకిట్లోనే గొడ్డళ్ళతో కొట్టారు. అరుపు ఆగిపోయాక కూడా కొడుతూనే ఉన్నారు. ఆ చప్పుడు, తడి నేలమీద గొడ్డలి పడే చప్పుడు, ఆమె చెవుల్లోంచి ఇక పోలేదు. బట్టలుతికే రేకు తొట్టిలో పాలుతాగే బిడ్డ సాఖిలేని వేసి, ఆ తొట్టిని నెత్తిన పెట్టుకుని, వరదలో ఉన్న నదిని దాటించింది ఆమె తమ్ముడు జ్వెలిబాంజి. అప్పటికి వాడికి మీసాలైనా సరిగ్గా రాలేదు. అక్క వాడి చొక్కా పట్టుకుని వెనక నడిచింది. మెడదాకా నీళ్ళు వచ్చినా వాడి చేతులు తొట్టిని వదల్లేదు.

అలా వచ్చి ఈ చిత్తడి ఒడ్డున రేకులూ ప్లాస్టిక్కూ కట్టుకున్నారు. కాలితే మళ్ళీ కట్టుకున్నారు, కూలిస్తే మళ్ళీ కట్టుకున్నారు. సాఖిలేని పెంచింది ఒక రకంగా మేనమామే. భుజాలమీద ఎక్కించుకుని బంతాట చూపించింది వాడు, బడిలో పంతులు కొడితే పంతులు కాలర్ పట్టుకుంది వాడు. సాఖిలే నడక కూడా మేనమామదే, ఒక భుజం కాస్త కిందికి వాల్చి నడిచేవాడు. “కన్నది నేను, అచ్చుదిగింది నీ పోలిక,” అని మాంబాతా తమ్ముణ్ణి వేళాకోళం చేసేది.

ఇటుక ఇళ్ళు ఇస్తామని ప్రతి ఎన్నికలకీ ఎవడో ఒకడు వచ్చి చెప్పేవాడు. చివరికి నిజంగానే ట్రాక్టర్లు వచ్చాయి. వచ్చిన వారానికే ఆగాయి. చిత్తడిలో ఆ కప్ప ఉందట, అది ఉన్నచోట కట్టకూడదట. ప్రకృతి ఆఫీసు తరఫున బూట్లేసుకుని తిరిగే లుంగెలో అనే మనిషి ఆ కబురు తెచ్చాడు. మావాళ్ళు రోడ్డుమీద టైర్లు కాల్చారు. లుంగెలో బండి అద్దాలు పగలగొట్టి, అతన్ని కిందికి లాగి తన్నారు. ఆ రోజు జ్వెలిబాంజి అడ్డం పడకపోతే అతను అక్కడే పోయేవాడు. మా ఇళ్ళ కమిటీకి పెద్ద జ్వెలిబాంజి. నెత్తురు తుడిచి, నీళ్ళిచ్చి, “ఇప్పుడు చెప్పు. కప్ప చావకుండా మేం చావకుండా ఏదన్నా దారి ఉందా?” అని అడిగాడు.

దారి కుదరడానికి ఏడాది పట్టింది. చిత్తడినీ, దాని అంచున కొంత మేరనీ అలాగే వదిలెయ్యాలి. ఇళ్ళు పైనున్న వాలుమీద కట్టాలి. చోటు చాలదు కాబట్టి ఒకదానిమీద ఒకటి, మెట్లు పెట్టి కట్టాలి. పంపు దగ్గర మీటింగులో ఈ సంగతి చెప్పగానే ముసలమ్మలు లేచారు.

“మెట్లెక్కాలా? మా ఆయన బతికుండగానే మంచం దిగలేదు. చచ్చాక మెట్లెక్కి నా ఇంటికొస్తాడా?” అంది ఒకావిడ.

“పెద్దలకి మేకని మేడమీద కోస్తే నెత్తురు కిందోళ్ళ చిక్కుడుగింజల కూరలో పడదూ?” అంది ఇంకొకావిడ.

“కోతలకి కింద అందరికీ కలిపి దొడ్డి కట్టిస్తాం, అవ్వా. మీ ఆయన్ని నేను వీపున ఎక్కించుకొస్తా. సరేనా?” అన్నాడు జ్వెలిబాంజి. జనం నవ్వారు.

అప్పుడు లేచాడు జిబూసె. లారీలున్న మనిషి. మా చుట్టుపక్కల ఎవడు పునాది తవ్వినా మొదట వీడికి వాటా ఇవ్వాలి. ఇవ్వకపోతే వీడి కుర్రాళ్ళు తుపాకులతో వచ్చి పని ఆపేస్తారు. దానికి లోకల్ వ్యాపారుల ఫోరం అని పేరు పెట్టుకున్నాడు. చిత్తడి పూడ్చే రాళ్ళూ మట్టీ అన్నీ తనవేనని ముందే రాసిపెట్టుకున్న మనిషి.

“భేష్! కప్పకి బంగళా, మనకి నిచ్చెన!” అన్నాడు.

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. జ్వెలిబాంజి నవ్వు అయ్యేదాకా ఆగాడు. “ఆ గుంట పూడ్చి కడితే మొదటి వానకే ఇల్లు సముద్రంలో తేలుతుంది. పోయిన వరదల్లో మీరు చూశారు, నేను చూశాను, శవాలు లాగాం. గుంటని గుంటలా వదిలేస్తే ఆఫీసువాళ్ళు రేపే సంతకం పెడతారు. లేదంటే కోర్టులోనే మన పిల్లలు ముసలాళ్ళయిపోతారు. కప్ప సంగతి దేవుడెరుగు. నాకు మీ ఇల్లు కావాలి.”

చేతులెత్తాం. ఇవాళ వాలుమీద ఉన్న ఆ మెట్ల ఇళ్ళు ఆ చేతులవే. చిత్తడి కూడా ఉంది, తుంగా ఉంది, ఆ దిక్కుమాలిన కప్పలూ ఉన్నాయి. చూడ్డానికి వచ్చే పెద్దమనుషులు ఇద్దరికీ న్యాయం జరిగిందని తెగ మెచ్చుకుంటారు. ఎవరి నెత్తురుతో జరిగిందో వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు.

సాఖిలే అప్పటికి కొంతకాలంగా జిబూసె దగ్గర తిరుగుతున్నాడు. కొత్త బూట్లు, కొత్త టోపీ. లారీల పనంతా నీ చేతికిందే పెడతానని జిబూసె మాటిచ్చాడు. ముప్పై దాటినా పనంటూ దొరకని మనిషికి అలాంటి మాట సారాలా ఎక్కుతుంది. మీటింగయ్యాక మేనమామతో మాట్లాడ్డం మానేశాడు.

జ్వెలిబాంజి చిత్తడి అంచున హద్దు మేకులు పాతుతున్న పొద్దున, మాంబాతా తుంగలో వంగి ఉంది. లుంగెలో వచ్చి హద్దు చూసుకుని, “బాగున్నావా అమ్మా?” అని పలకరించి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఆమెకి కొడుకు గొంతు వినిపించింది. తుంగ సందుల్లోంచి చూసింది.

“మావయ్యా, ఆ మేకులు పీకెయ్.”

“ఇంటికెళ్ళి ఏమన్నా తినరా. ముఖం చూడు, పీక్కుపోయింది.”

“పీకెయ్యమంటున్నా! రేపు లారీలొస్తాయ్. నువ్వు ఆ కప్పలోడికి మమ్మల్నందర్నీ అమ్మేశావ్.”

అప్పుడు కనిపించింది, వాడి చేతిలో ఉన్నది. జ్వెలిబాంజికీ కనిపించింది. అతను భయపడలేదు. పిల్లాడు పొయ్యిలో కట్టె తీస్తే లాక్కునేటట్టు, అరచెయ్యి చాపాడు.

“అదెవడిచ్చాడ్రా నీకు? ఇలా ఇయ్యి.”

మొదటి గుండు ఆ అరచేతిలోంచే దూసుకెళ్ళింది. రెండోది పొట్టలో పడింది. జ్వెలిబాంజి కూర్చుండిపోయాడు, మేకులు కొట్టే సుత్తి ఇంకా ఒడిలోనే ఉంది. తర్వాత తుంగలోకి పాకడం మొదలుపెట్టాడు. అక్క ఉన్నవైపే పాకాడు. ఆమె అక్కడుందని తెలిసే పాకాడో, నీళ్ళకోసం పాకాడో ఎవరు చెప్పగలరు? సాఖిలే వెంటవచ్చి, ఏడుస్తూ, మెడమీద కాల్చాడు. నల్లనీళ్ళు ఎర్రగా చిమ్మి మాంబాతా చేతులమీద పడ్డాయి. ఆమె గుప్పెడు తుంగ నోట్లో కుక్కుకుని కొరికింది. చెయ్యి చాపితే తమ్ముడి తల అందేంత దూరం. వాడి వేళ్ళు బురదని కెలికి, కెలికి, ఆగాయి. సాఖిలే ఒడ్డున వాంతి చేసుకుని పారిపోయాడు.

ఆమె అరవలేదు. తమ్ముడి ముఖాన్ని నీళ్ళలోంచి తీసి, పక్కకి తిప్పి, బురద తుడిచింది. తుంగమోపు నెత్తిన పెట్టుకుని అవతలి ఒడ్డునించి ఇంటికెళ్ళిపోయింది. శవాన్ని ఇంకెవరో చూడాల్సి వచ్చింది. ఎందుకలా చేసిందని అడిగేవాళ్ళకి పిల్లలు లేరని నేననుకుంటాను.

సాయంత్రానికి ఇల్లంతా జనం. కొవ్వొత్తులు, పాటలు. సాఖిలే వచ్చి తల్లి పాదాల దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నటన కాదు, నిజంగానే ఏడ్చాడు. ఆమె లేచి, మొక్కజొన్నపిండిని పొడిపొడిగా వండిన ఫుతూ, పుల్లపెరుగూ పెట్టింది. వాడు తిన్నాడు. వాడి దవడలు కదలడం చూస్తూ కూర్చుంది. ఆ మెతుకులు గొంతుకడ్డం పడితే బాగుండునని ఒకసారి అనుకుంది. అడ్డం పడతాయేమోనని వెంటనే నీళ్ళు కూడా అందించింది.

జిబూసె పిండి బస్తా మోయించుకొచ్చాడు పరామర్శకి. తల దించుకుని, మెల్లగా, అందరికీ వినపడేటట్టు చెప్పాడు. “చివరిసారి వాడితో ఉంది ఎవరు? కప్పలోడు. వాడి బండిలో సీసాల్లో కప్పలున్నాయి, నేను చూశాను. కప్పని మనింటికి పంపించి చేతబడి చేసేవాడెవడో మనకి తెలీదా? జ్వెలి మనసు మార్చుకుని మనవైపు వచ్చేశాడు. అందుకే చంపాడు.” చేతబడి మాటొస్తే మావాళ్ళకి బుర్ర పనిచెయ్యదు. అలా ఎలా నమ్మారని ఇప్పుడు ఒకరినొకరు అడుగుతారు. అప్పుడు మాత్రం అందరూ తలలూపారు. మాంబాతా మాట్లాడలేదు. మాట్లాడితే కొడుకు చస్తాడు. ఆమెకి కావాల్సింది ఒక్కటే, వాడు బతకాలి. తమ్ముడు ఎలాగూ పోయాడు.

మర్నాడే లారీలు దిగాయి. పగిలిన కాంక్రీటు, రోడ్డు ముక్కలు. “పోయినవాడి కోరిక, పని ఆగకూడదు,” అన్నాడు జిబూసె. అది విని మాంబాతా చిన్నాన్న హెజెకాయ కర్ర నేలకేసి కొట్టాడు. మ్బాతాల్లో మిగిలిన పెద్దమగాడు ఆయనొక్కడే.

“దుమాజిలె, వాణ్ణి తెచ్చుకోవాలి. ఇవాళే. వాడు పడ్డచోట రాళ్ళు పోశారంటే ఇక ఎప్పటికీ రాడు. ఎవడి పొయ్యికిందో పడుంటాడు.”

శవం సంగతి కాదు ఆయన చెప్పేది. శవం ఆస్పత్రిలో ఉంది. మావాళ్ళ లెక్కలో, మనిషి ఎక్కడ నెత్తురు కార్చి పోయాడో అతని ఆత్మ అక్కడే ఉండిపోతుంది. ఇంటివాళ్ళు రేగుకొమ్మ పట్టుకుని వెళ్ళి పిలవాలి, కొమ్మమీద ఎక్కించుకుని తీసుకురావాలి. కొమ్మ ఆ వంశపు మగవాడే పట్టాలి గానీ, చిన్నాన్నకి వణుకుజబ్బు, చేతులు నిలవవు. అక్కే పట్టాలన్నారు.

“గుర్తుంది కదమ్మా?” అన్నాడు ఆయన. “కొమ్మ చేతిలో ఉన్నంతసేపూ బతికున్నవాళ్ళెవరితోనూ మాట్లాడకూడదు. వాడితోనే మాట్లాడాలి. వెనక్కి తిరగకూడదు. కాలవొస్తే కాలవని చెప్పు, గేటొస్తే గేటని చెప్పు, అక్కడెవరున్నారో చెప్పు. వాడికి కళ్ళు లేవు, నీ మాటే కళ్ళు. అబద్ధం చెప్పావో, అక్కడే ఆగిపోతాడు.”

మాంబాతా తలూపింది. బతికున్నవాళ్ళతో మాట్లాడకూడదన్న మాట విని ఆమెకి ప్రాణం లేచొచ్చింది. నిన్నటినించీ పళ్ళబిగువున మూసుకున్న నోటిని ఇప్పుడు ఆచారమే మూసింది. ఎవరడిగినా, ఏమడిగినా జవాబు చెప్పక్కర్లేదు.

చిత్తడి దగ్గర రాళ్ళగుట్ట హద్దు మేకుల్ని మింగేసి, జ్వెలిబాంజి పడ్డ తుంగదాకా వచ్చేసింది. నలిగిన తుంగమీద నెత్తురు నల్లగా ఎండిపోయింది. ఒక లారీ వెనక్కి వస్తోంది, రాళ్ళు దింపడానికి. చిన్నాన్న వెళ్ళి దానికెదురుగా నిలబడ్డాడు. డ్రైవరు కిందికి చూశాడు, కొమ్మ చూశాడు, ఇంజను ఆపి టోపీ తీశాడు. జిబూసె జీతగాడే, అయినా మా మనిషి.

“షందూ!” అని మ్బాతాల బిరుదు పేరు పెట్టి పిలిచాడు చిన్నాన్న. తాతలందరి పేర్లూ చదివాడు, గొంతు పగిలేదాకా. మాంబాతా రేగుకొమ్మని నెత్తురు మీద ఆనించింది.

“షందూ, లే. నేను, మీ అక్కని. ఇక్కడ చల్లగా ఉంది, ఇంటికెళ్దాం.”

కొమ్మ బరువెక్కిందని ఆమె తర్వాత చెప్పింది. రెండు చేతులతో ఎత్తుకుని నడిచింది. చిన్నాన్న వెనకాల, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఆయన వెనకాల.

లారీల గేటు దగ్గరికి వచ్చేసరికి జనం. లారీలు హద్దు దాటాయని విని ఆపడానికి లుంగెలో వస్తే, అతన్ని పట్టుకున్నారు. చేతులు వెనక్కి విరిచి తీగతో కట్టేశారు. ఒక కన్ను మూసుకుపోయి, దవడ పక్కకి పోయింది. ఎవడో చెవి కోసేశాడు, మెడంతా నెత్తురు. భుజాలమీదుగా లారీ టైరు తగిలించారు. పెట్రోలు డబ్బా సాఖిలే చేతిలో ఉంది.

“నీ మేనమామరా. హక్కు నీది,” అంటున్నాడు జిబూసె.

సాఖిలే డబ్బా వంచితే పెట్రోలు వాడి కొత్త బూట్లమీదే ఒలికింది. కొమ్మని చూడగానే పాటలు ఆగిపోయాయి. మగాళ్ళు టోపీలు తీశారు. జనం రెండు పాయలుగా చీలారు.

“మాంబాతా అమ్మా!” అరిచాడు లుంగెలో, నోట్లో నెత్తురుతో. “నువ్వు తుంగలో ఉన్నావుగా! నేను పలకరించానుగా! చెప్పమ్మా వీళ్ళకి! అమ్మా!”

“ష్!” అన్నాడు జిబూసె. “ఆవిడ చేతిలో మనిషున్నాడు. ఎవరూ పలకరించకండి. దారివ్వండి.” ఎంత గౌరవంగా అన్నాడంటే, చెప్పు తీసి కొట్టాలనిపించేంత గౌరవంగా.

మాంబాతా నడిచింది. తలెత్తలేదు. గేటు గేటని చెబితే చాలు, అది అబద్ధం కాదు. “షందూ, ఇది లారీల గేటు,” అని అడుగు ముందుకేసింది. రేగుముల్లు ఒకటి ఆమె శాలువాకి పట్టుకుంది. లాగింది. రాలేదు. కొమ్మ ఆగిపోయింది.

చిన్నాన్న వెనకనించి మెల్లగా అన్నాడు. “ఆగాడమ్మా వాడు. ఎవరున్నారో చెప్పలేదు నువ్వు. చెప్పు.”

ఆయనకేం తెలుసు? ఆచారం చెప్పాడు. ఆమె ముల్లు వైపు చూసింది. లుంగెలో వైపు చూసింది. కొడుకు వైపు చూడలేదు, చూస్తే ఇక నోరు పెగలదు. తమ్ముణ్ణి ఇక్కడే, ఈ గేటులో, వాణ్ణి చంపినవాళ్ళ మధ్య వదిలేసి పోవాలి. లేదా చెప్పాలి.

“ఇక్కడ జనం ఉన్నారు, షందూ,” అంది. గొంతు చిన్నగానే ఉంది గానీ అందరికీ వినిపించింది. “అందరూ నీకు తెలిసినోళ్ళే. కప్పలబ్బాయి మెడలో టైరేశారు. నిన్ను వాడే చంపాడంటున్నారు. వాడు కాదని నీకు తెలుసు. నాకూ తెలుసు. నేను తుంగలో ఉన్నా తమ్ముడూ, చూస్తూనే ఉన్నా, రాలేకపోయా. నువ్వు చెయ్యి చాపి ఇమ్మన్నావ్. వాడు కాల్చాడు. నా సాఖిలే కాల్చాడు. వాడు ఇక్కడే ఉన్నాడు, నీ ఎడంచేతి పక్క.” ఊపిరి తీసుకుంది. “తుపాకీ ఎవడిచ్చాడని అడిగావ్. వాడు చెప్పలేదు. నేను చూళ్ళేదు.”

జిబూసె ఇచ్చాడని ఆ గేటు దగ్గర ఎవరికి తెలీదు? కుక్కలకి కూడా తెలుసు. కానీ కళ్ళతో చూడనిది పోయినవాడితో చెప్పకూడదు. ఆ ఒక్క సందులోంచి జిబూసె తప్పించుకున్నాడు. ఇప్పటికీ లారీలు తోలుకుంటున్నాడు, ఇంకోచోట.

చిన్నాన్న వణికే వేళ్ళతో ముల్లు విడిపించాడు.

“పద, షందూ,” అంది మాంబాతా.

“అమ్మా!”

అడుగేసింది.

“అమ్మా, అమ్మా, ఇటు చూడవే!” సాఖిలే అరుపు.

“విన్నారా!” జిబూసె గొంతు. అందరికంటే ముందు అరిచింది వాడే. “సొంత తల్లి నోటితో! మేనమామని చంపిన కుక్క! పట్టుకోండ్రా!”

“నాకిచ్చింది ఇత…” అన్నాడు సాఖిలే. మాట సగంలో పళ్ళమీద రాయి పడింది. తర్వాత కర్రలు. తర్వాత పారలు. లుంగెలో సంగతి అందరూ మర్చిపోయారు. అతను టైరుతో సహా దొర్లి లారీకిందికి పాక్కుంటూ పోయాడు, అలాగే బతికిపోయాడు. మాంబాతా ఇదేదీ చూడలేదు. విన్నది. తడి నేలమీద ఇనుము పడే చప్పుడు. కొండల్లో మ్షియేనిని కొట్టినప్పటి చప్పుడే. అప్పుడు పరిగెత్తింది, ఇప్పుడు పరిగెత్తడానికి లేదు. తల తిప్పితే తమ్ముడు జారిపోతాడు. తిప్పకపోతే కొడుకు. ఒళ్ళంతా వెనక్కి లాగుతోంది, పాలిండ్లు కూడా బిడ్డ పాలుతాగే రోజుల్లోలా సలుపుతున్నాయి. కాళ్ళు మాత్రం ముందుకే వెళ్ళాయి.

“కాలవొచ్చింది, షందూ. పలకమీద అడుగెయ్.”

వెనక “అమ్మా” అని ఇంకోసారి వినిపించింది. ఆ తర్వాత వినిపించలేదు.

“ఇది పంపు. బకెట్లున్నాయి, జాగ్రత్త. ఇక్కడే నువ్వు మీటింగు పెట్టింది.”

వాలు ఎక్కుతుంటే గాలి కిందినించి వీచింది. పెట్రోలు, కాలిన రబ్బరు వాసన. వెనకొస్తున్న ఆడవాళ్ళు శాలువాలు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. ఒకావిడ ఏడుపు ఆపుకోలేక కూర్చుండిపోయింది. తమ్ముడికి కళ్ళు లేవు, ఏమిటా వాసనని మాంబాతాని అడుగుతాడు. చెప్పాలి.

“కింద ఏదో కాలుతోంది, షందూ. ఎవరో నేను చూళ్ళేదు.”

రేకు తలుపు దగ్గర వంగి, “ఇల్లొచ్చింది, గడప తగులుతుంది, తల వంచు,” అంది. వెనకగోడ వారగా, పెద్దలుండే చోట కొత్తచాప పరిచి ఉంది. కొమ్మని దానిమీద పడుకోబెట్టింది. ఆకులు సర్ది, ముళ్ళని గోడవైపు తిప్పింది. చిన్నాన్న గోడకి ఆనుకుని వంశం పేర్లన్నీ మళ్ళీ చదివి, చివర్లో జ్వెలిబాంజి పేరు కలిపాడు. “వచ్చాడమ్మా,” అన్నాడు. “చేరాడు. ఇక నువ్వు మాట్లాడొచ్చు.”

అరుస్తుందనుకున్నారు. పడిపోతుందని ఇద్దరు చేతులు చాచి నిలబడ్డారు. ఆమె అరచేతుల్లో గుచ్చుకున్న ముళ్ళని ఒక్కొక్కటే పీకి కిందపడేసింది. మెల్లగా లేచి గుమ్మంలోకి వెళ్ళింది. కింద గేటు దగ్గర పొగ నిటారుగా లేస్తోంది, జనం అప్పటికే చెదిరిపోయారు.

“ఆఁ, నాన్నా,” అంది, పొలిమేర దాకా వినపడేంత గట్టిగా. “పిలిచావా? ఇందాక పలకలేకపోయాను. వస్తున్నా.”

చీపురు కట్ట పక్కన ఆమె చెప్పులున్నాయి. వేసుకోకుండానే వాలు దిగడం మొదలుపెట్టింది. ఎవరూ ఆమెని ఆపలేదు.